ఆకాశంలో కరెంటు ఎక్కడిది?

మార్కాపురం పలకకు ఒక గొప్ప గుణం ఉంది. దానికి కరెంటు అక్కరలేదు. బలపం ముక్క ఒకటి ఉంటే చాలు. అరుగు మీద రాయవచ్చు, చింతచెట్టు కింద రాయవచ్చు, రైలుపెట్టెలో కూర్చుని రాయవచ్చు. చాలనుకుంటే తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మా మార్కాపురం చుట్టుపక్కల నేలలో దొరికే ఆ రాయి కోట్ల సంవత్సరాల కిందట నీళ్లడుగున పేరుకున్న బురద. పైన పడిన బరువుకూ వేడికీ అది గట్టిపడి, పుస్తకంలో కాగితాలలాగా పొరలు పొరలుగా చీలే రాయి అయింది. దాన్ని పలచగా చీల్చి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగిస్తే పలక. మీ తాతలలో చాలామంది అక్షరాలు దిద్దింది ఇట్లాంటి పలకల మీదనే.

ఇప్పుడు పెద్ద చదువులకు వెళ్లేవాళ్లు సంచిలో వేరే పలక పెట్టుకుంటున్నారు. మడిస్తే పుస్తకమంత ఉంటుంది, విప్పితే వెలుగుతుంది. అదే లాప్‌టాప్. ఈ పలక చాలా పనులు చేస్తుంది కాని, దీనికి ఆకలి జాస్తి. వేళకు కరెంటు పెట్టకపోతే కళ్లు మూసుకుంటుంది. నేల మీద అయితే గోడకున్న ప్లగ్గులో తీగ గుచ్చితే సరి. మరి నేలకు 10 కిలోమీటర్ల ఎత్తున, సముద్రం మీద పోతూ ఉంటే? అక్కడ కరెంటు స్తంభాలు ఉండవు గదా!

గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో పుట్టి, మా బడిలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి ఒకతె ఆమధ్య అమెరికాకు ప్రయాణమైంది. ఫీజులో కొంత తగ్గించమని అక్కడి కాలేజీకి ఒక దరఖాస్తూ, దానితో 12 పేజీల వ్యాసమూ పంపాలి. గడువు ఆమె విమానం దిగే రోజు రాత్రితో సరి. వీసా పనులతోనూ, బ్యాంకుల చుట్టూ తిరగటంతోనూ ఆరు పేజీలే అయినవి. మిగిలినవి దారిలో రాయాలి. ఫీజు తగ్గకపోతే వాళ్ల నాన్న ఇంకో ఎకరం తాకట్టు పెట్టాలి. షంషాబాదు నుంచి గల్ఫు దేశానికి దాదాపు 4 గంటలు, అక్కడ విమానం మారితే డల్లాసుకు దాదాపు 16 గంటలు. వారం ముందు నాకు ఫోను చేసి, "సార్, విమానంలో లాప్‌టాప్‌కు కరెంటు ఇస్తారా? ఇస్తే 16 గంటలూ ఇస్తారా?" అని అడిగింది.

ఆ అమ్మాయికి నేను చెప్పిన సంగతులే మీకూ చెబుతాను. వినండి.

ముందు సైకిలు డైనమో సంగతి. ఇప్పటి సైకిళ్లకు అది కనపడటం లేదు. వెనక చక్రానికి ఆనుకొని, చిన్న సీసా మాదిరి ఉండేది. చక్రం తిరిగితే దాని తల తిరిగేది. లోపల అయస్కాంతం తిరిగి, చుట్టూ ఉన్న రాగితీగెలో కరెంటు పుట్టేది. తొక్కినంతసేపూ దీపం వెలిగేది. తొక్కటం ఆపగానే ఆరిపోయేది.

ఆ డైనమోకే పెద్దన్న రైలుపెట్టె కింద ఉండేది. మా గుంటూరు - నంద్యాల రైలుమార్గం ఒకప్పుడు మీటరు గేజి. బండి దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు దాటి, నల్లమల అడవిలో దూరి, నంద్యాలకు పోయేది. పెట్టెలలోని దీపాలకూ పంకాలకూ కరెంటు ఎక్కడినుంచి వచ్చేదనుకున్నారు? ప్రతి పెట్టె కింద ఒక డైనమో ఉండేది. చక్రాల ఇరుసుకూ దానికీ ఒక పట్టా వేసేవారు. బండి పరుగెత్తితే ఇరుసు తిరిగి, పట్టా తిరిగి, డైనమో తిరిగి కరెంటు పుట్టేది. ఆ కరెంటులో కొంత దీపాలకు పోగా, మిగిలినది పెట్టె కిందనే ఉన్న బ్యాటరీలలోకి పోయేది. స్టేషనులో బండి ఆగితే డైనమో ఆగుతుంది గనక అప్పుడు బ్యాటరీలు దీపాలను వెలిగించేవి. బ్యాటరీలు ముసలివైతే బల్బులు ఎర్రబడి, మిణుగురు పురుగుల్లాగా అయ్యేవి. బండి కదిలి వేగం అందుకున్నాక మళ్లీ తెల్లబడేవి. ఈ రైలుపెట్టె అర్థమైతే విమానం సగం అర్థమైనట్టే.

విమానం రెక్కల కింద ఉండే ఇంజన్లు గాలిని లోపలికి పీల్చి, కిరోసిను వంటి ఇంధనంతో మండించి, వేడిగాలిని వెనక్కు చిమ్ముతవి. అందువల్లనే విమానం ముందుకు పోతుంది. ఇంజను లోపల ఇరుసు ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది గదా, దానికి పళ్లచక్రాలు తగిలించి ఒక జనరేటరును తిప్పుతారు. రైలులో పట్టా, ఇక్కడ పళ్లచక్రాలు, అంతే తేడా. కాని ఇంజను వేగం ఎగిరేప్పుడు ఒకటి, మధ్య దారిలో మరొకటి. అందుచేత చాలా విమానాలలో, ఇంజను ఎంత వేగంగా తిరిగినా జనరేటరు మాత్రం ఒకే వేగాన తిరిగేటట్టు చూసే యంత్రం ఒకటి మధ్యలో పెట్టారు.

బోయింగ్ 777 అనే పెద్ద విమానానికి రెండు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజను తిప్పే జనరేటరు బలం 120 కిలోవోల్ట్ ఆంపియర్లు. మనకు తేలికగా ఉండేందుకు 120 కిలోవాట్లు అనుకుందాం. ఇంట్లో తిరిగే మామూలు పంకాకు 75 వాట్లు కావాలనుకుంటే, ఒక్క జనరేటరు మీద 1,600 పంకాలు తిరుగుతవి. తోకలో ఇంకొక చిన్న ఇంజను ఉంటుంది, దానికీ ఒక జనరేటరు. బోయింగ్ 787 ఇంకా గట్టిది. దాని రెండు ఇంజన్లకు కలిపి నాలుగు జనరేటర్లు, ఒక్కొక్కటి 250 కిలోవోల్ట్ ఆంపియర్లు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. విమానాల కరెంటు సాధారణంగా సెకనుకు 400 సార్లు ఊగుతుంది. అంత తొందర ఎందుకు? బరువు తగ్గించటానికి! కరెంటు ఎంత త్వరగా ఊగితే, ట్రాన్స్‌ఫార్మర్లలో, మోటార్లలో అంత తక్కువ ఇనుముతో పని జరుగుతుంది. వీధిలో స్తంభాల మీద ఉండే ట్రాన్స్‌ఫార్మరు ఎంత బరువో చూశారు గదా. అట్లాంటివి మోసుకుంటూ ఎగరాలంటే ప్రయాణీకులను దించేయవలసిందే.

ఇంత కరెంటు ఉన్నప్పుడు ఒక లాప్‌టాప్‌కు లోటేమిటి అనుకుంటారు. లోటు లేదు కాని, వరుస ఉంది. విమానంలో కరెంటుకు అందరికన్నా ముందు నిలబడేవి పైలట్ల ముందుండే పరికరాలు, నేల మీదివాళ్లతో మాట్లాడే రేడియో, ఇంధనం తోడే పంపులు, దీపాలు. తరవాత అన్నం వేడిచేసే పొయ్యిలు, సినిమాలు చూపే చిన్న తెరలు. వాటితోపాటు, చిట్టచివర, మన సీటు కింది సాకెట్టు. ఒక జనరేటరు చెడిపోతే విమానంలోని యంత్రమే ఎవరినీ అడగకుండా కోత పెడుతుంది. ముందు వంటపొయ్యిలు ఆగుతవి, సినిమాలు ఆగుతవి, సీట్ల సాకెట్లు ఆగుతవి. రేడియో ఆగదు. మన ఊళ్లో కోత పెట్టినప్పుడు, "ఆస్పత్రికి ఇచ్చి మాకెందుకు ఇవ్వరు?" అని తెలిసినవాళ్లెవరూ అడగరు. ఇదీ అంతే.

మరి జనరేటర్లన్నీ ఒకేసారి ఆగిపోతే? అట్లా జరిగింది కూడాను. 1983 జూలై 23న ఎయిర్ కెనడావారి బోయింగ్ 767 విమానం 69 మందితో పోతూ, 12 కిలోమీటర్లకు పైబడిన ఎత్తున ఉండగా ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయినవి. కారణం ఏమిటో తెలుసునా? లెక్క! అప్పుడే కెనడాలో పౌన్లు పోయి కిలోలు వస్తున్నవి. విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటర్లను బరువులోకి మార్చేవాళ్లు పౌన్లకు వాడే అంకె పెట్టి గుణించారు. అందువల్ల 22,300 పౌన్లే నింపారు. పౌను అంటే అరకిలో కూడా లేదు. జవాబు పక్కన కొలత పేరు రాయనివాళ్లకు సగం మార్కులే వేస్తానంటే పిల్లలు నన్ను కోపిష్టి అనేవారు. ఈ కథ చెప్పాక అనటం మానేశారు.

ఇంజన్లు ఆగగానే పైలట్ల ముందున్న తెరలు చాలావరకు చీకటైనవి. అప్పుడు విమానం పొట్టలోనుంచి ఒక చిన్న గిరక బయటికి వచ్చింది. మీరు తాటాకు ముక్కకు ముల్లు గుచ్చి, ఎదురుగాలికి పరుగెత్తుతూ తిప్పుతారే, అట్లాంటిదే. విమానం పడిపోయే జోరుకు గాలి కొట్టి ఆ గిరక తిరిగింది. అది ఒక పంపును నడిపింది, ఆ పంపు బలంతో పైలట్లు రెక్కలనూ తోకనూ అదుపులో పెట్టగలిగారు. కొన్ని ముఖ్యమైన పరికరాలకు మాత్రం బ్యాటరీ కరెంటు ఇచ్చింది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడరు విమానాలు నడపటం ముందే అలవాటు. ఆయన ఆ మహాకాయాన్ని గద్దలాగా తేల్చుకుంటూ తీసుకుపోయి, గిమ్లీ అనేచోట వైమానిక దళం ఎప్పుడో వదిలేసిన మైదానంలో దించాడు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మా దొనకొండలో కూడా బ్రిటిషువాళ్ల కాలంనాటి పాత విమాన మైదానం ఒకటి ఉంది. వాడని మైదానాలు కూడా ఏనాడు ఎవరికి పనికివస్తవో!

ఇప్పటి చాలా విమానాలలో ఆ గిరక కరెంటు కూడా పుట్టిస్తుంది. ఆ కొద్ది కరెంటులో లాప్‌టాప్‌కు వాటా లేదని వేరే చెప్పాలా?

ఇక సీటు దగ్గరకు వద్దాం. 1990ల చివరలో కొన్ని విమానాల సీట్లలో 15 వోల్టుల సాకెట్లు పెట్టారు. వాటికి ప్రత్యేకమైన ప్లగ్గు కొనుక్కోవాలి. ఇప్పుడు అట్లా కాదు. సీటు కింద ఒక పెట్టె ఉంటుంది. అది 400 సార్లు ఊగే విమానం కరెంటును తీసుకొని, సాధారణంగా 110 వోల్టులు, 60 ఊపుల కరెంటుగా మార్చి ఇస్తుంది. చాలా దేశాల ప్లగ్గులు పట్టే రంధ్రాలుంటవి. కాని ఆ పెట్టె ఇచ్చేది ఒక్కొక్క సీటుకు కొంతే. విమానాన్ని బట్టి 75 వాట్లో, 100 వాట్లో, కొంచెం ఎక్కువో. అంతకుమించి లాగితే ఆగిపోతుంది. రాతపని చేసే లాప్‌టాప్‌కు 65 వాట్ల ఛార్జరు ఉంటుంది గనక ఇబ్బంది లేదు. పెద్ద పెద్ద ఆటలాడే లాప్‌టాప్‌ల ఛార్జర్లు 200 వాట్లకు పైన ఉంటవి. అవి అక్కడ పనిచెయ్యవు.

సినిమా తెర పక్కన ఫోను తీగ గుచ్చే చిన్న రంధ్రం ఉంటుంది. పాతరకం రంధ్రం ఇచ్చేది 10 వాట్లో, అంతకు తక్కువో. ఫోనుకు అది చాలు. లాప్‌టాప్‌కు అది ఏనుగుకు ఉగ్గుగిన్నె. కొత్త విమానాలలో 60 వాట్ల దాకా ఇచ్చే రంధ్రాలు వస్తున్నవి. కాని మనం ఎక్కే విమానంలో ఏది ఉందో ముందే తెలుసుకోవాలి. ఉన్నా అది పనిచేస్తుందన్న హామీ లేదు. వందలమంది కాళ్లు తగిలే చోట ఉన్న వస్తువు అది. పైగా చాలా విమానాలలో ఎగిరేప్పుడూ దిగేప్పుడూ దాన్ని ఆపేస్తారు.

అందుచేత ఆ అమ్మాయితో, "సాకెట్టు లేదనే అనుకొని లెక్క వేసుకో. ఉంటే లాభం," అన్నాను.

ఆ లెక్క ఎట్లాగో చూడండి. మా కంభం చెరువు ఎంత పెద్దదో చూసినవాళ్లకు తెలుసు. గుండ్లకమ్మకు రెండు కొండల మధ్య కట్ట వేసి, వందల ఏళ్ల కిందట కట్టిన చెరువు అది. చెరువులో నీళ్లెన్ని ఉన్నవి అన్నది ఒక లెక్క. తూములోనుంచి నీళ్లు ఎంత జోరుగా పోతున్నవి అన్నది వేరే లెక్క. కరెంటులో కూడా ఈ రెండూ ఉన్నవి. తూము జోరును వాట్లలో చెబుతారు. చెరువులో నీటిని వాట్-గంటలలో చెబుతారు. 10 వాట్ల జోరుతో ఒక గంట వాడితే 10 వాట్-గంటలు ఖర్చు.

బ్యాటరీలో ఎన్ని వాట్-గంటలు ఉన్నవో దానిమీదనే అచ్చువేసి ఉంటుంది. లేకపోతే వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించండి. ఆ అమ్మాయి బ్యాటరీ మీద 11.4 వోల్టులు, 4.4 ఆంపియర్-గంటలు అని ఉంది. గుణిస్తే 50 పైచిలుకు. అంటే 50 వాట్-గంటల చెరువు. సినిమా చూస్తూ, తెర ధగధగా వెలిగించి పెడితే తూము జోరు 15 వాట్లు, మూడు గంటలు దాటగానే చెరువు ఎండుతుంది. తెర వెలుగు తగ్గించి, అక్కరలేని పనులన్నీ ఆపి, వట్టి రాతపని చేసుకుంటే 8 వాట్లతో జరుగుతుంది. 50ని 8తో భాగించండి, ఆరు గంటల పైన వచ్చింది. ఆరు పేజీలు, ఆరు గంటలు. పేజీకి ఒక గంట. చాలీ చాలని లెక్క.

అమ్మాయి నాకన్నా తెలివైనది. మొదటి విమానంలో లాప్‌టాప్ విప్పనే లేదు. నోటుపుస్తకం తీసి మిగిలిన వ్యాసమంతా పెన్సిలుతో రాసుకుంది. విమానం మారేచోట గోడ ప్లగ్గుకు పెట్టి బ్యాటరీ నిండా నింపుకుంది. రెండో విమానంలో, ఏ సంస్థదో చెప్పను గాని, ఆమె సీటు సాకెట్టు వెలగనే లేదట. పనిచేసే అమ్మాయిలు వచ్చి చూసి, రెండుమూడుసార్లు ఆపి తెరిచి, లాభంలేదని క్షమాపణ చెప్పి వెళ్లారట. మా పిల్ల కంగారుపడలేదు. నోటుపుస్తకంలో ఉన్నది చూసి ఎక్కించటానికి నాలుగు గంటలే పట్టింది. డల్లాసులో దిగాక, సామాను రావటానికి ఎదురుచూస్తూ, నిలబడే వ్యాసం పంపించింది. అప్పటికి ఇంకా మూడోవంతు బ్యాటరీ మిగిలి ఉందని రాసింది. నెల తరవాత ఫీజులో కొంత తగ్గించారు. ఎకరం నిలిచింది.

ఇంత చిన్న బ్యాటరీలో అంత శక్తి ఎట్లా ఇమిడిందో చెప్పకపోతే మీరు ఊరుకోరు. లిథియం అనేది లోహాలన్నిటిలోకీ తేలికైనది. బ్యాటరీ లోపల రెండు ఇళ్లున్నవనుకోండి. ఛార్జి చేసేటప్పుడు లిథియం కణాలు మొదటి ఇంటినుంచి రెండో ఇంటికి పోయి సర్దుకుంటవి. వాడేటప్పుడు తిరిగి మొదటి ఇంటికి వస్తవి. వాటి రాకపోకలే మనకు కరెంటు. ఈ రెండు ఇళ్లనూ కనిపెట్టి కుదిర్చిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. గుడెనఫ్ వయస్సు అప్పటికి 97! జపానులోని సోనీ సంస్థ 1991లో ఈ బ్యాటరీలను అమ్మకానికి తెచ్చింది.

కాని ఒకచోట అంత శక్తిని కుక్కిపెట్టటం ప్రమాదం కూడా. రెండు ఇళ్ల మధ్య పలచని అడ్డుతెర ఒకటి ఉంటుంది. బ్యాటరీ నలిగినా, బాగా వేడెక్కినా ఆ తెర చిరుగుతుంది. అప్పుడు లోపలి వేడికి లోపలి పదార్థాలు మండుతవి, ఆ మంటకు పక్క ఘటం వేడెక్కి అదీ మండుతుంది. గడ్డివాములలో ఒకటి అంటుకుంటే పక్కది అంటుకున్నట్టే. 2010 సెప్టెంబరు 3న దుబాయి నుంచి ఎగిరిన ఒక సరుకుల విమానంలో మంటలు లేచి, విమానం కూలి, పైలట్లిద్దరూ చనిపోయారు. సరుకులో లిథియం బ్యాటరీలు చాలా ఉన్నవి. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానాల సొంత బ్యాటరీలే రెండుచోట్ల కాలినవి. ఒకటి బోస్టనులో, నేల మీద నిలిచి ఉండగా. ఇంకొకటి జపానులో, ఆకాశంలో. లోకంలో ఉన్న ఆ రకం విమానాలన్నిటినీ, మన ఎయిరిండియావారి ఆరింటితో సహా, మూడు నెలలకు పైగా నేల దిగి ఉంచారు. చివరకు ఘటాల మధ్య అడ్డుగోడలు పెంచి, మొత్తాన్ని ఉక్కు పెట్టెలో పెట్టి, పొగ బయటికి పోయే గొట్టం అమర్చాక మళ్లీ ఎగరనిచ్చారు.

అందుకనే విడి బ్యాటరీలూ, పవర్ బ్యాంకులూ కింది అరలోకి పోయే పెట్టెలో పెట్టనివ్వరు. చేతిసంచిలోనే ఉండాలి. లాప్‌టాప్ కూడా చేతిసంచిలో ఉండటమే మేలు. ఎందుకు? మన ముందు పొగ వస్తే మనం చూస్తాం, కేక వేస్తాం, పనిచేసేవాళ్లు పరుగెత్తుకొచ్చి మంట ఆర్పి, నీళ్లు పోసి చల్లారుస్తారు. బ్యాటరీ మంటలో అసలు పని చల్లార్చటమే. కింది అరలో అయితే నీళ్లు పోసే మనిషి లేడు.

2017 మార్చిలో ఒక చిక్కు వచ్చింది. లాప్‌టాప్‌లలో బాంబులు దాచి తెస్తారేమోనన్న భయంతో, దుబాయి, అబూదాబి, దోహా మొదలైన 10 విమానాశ్రయాల నుంచి వచ్చేవాళ్లు వాటిని కింది అరలోనే వెయ్యాలని అమెరికా ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా పోయే దారులే అవి. బాంబు భయంవాళ్లు కిందికి పంపమంటారు, మంటల భయంవాళ్లు పైన పెట్టుకోమంటారు! ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నాకు మాత్రం మంటల భయంవాళ్ల మాటే బలమైనదిగా కనపడింది. జూలై నాటికి, విమానాశ్రయాలలో తనిఖీ గట్టిచేశాక, ఆ ఆజ్ఞ తీసేశారు.

పవర్ బ్యాంకుకు కూడా చెరువు లెక్కే. 100 వాట్-గంటల దాకా ఉన్నదాన్ని చేతిసంచిలో తీసుకుపోవచ్చు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే ఎక్కనివ్వరు. పెట్టె మీద 20,000 మిల్లీ ఆంపియర్-గంటలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అంటే 20 ఆంపియర్-గంటలు. లోపలి ఘటం 3.7 వోల్టులు. గుణిస్తే 74 వాట్-గంటలు, ఫరవాలేదు. 27,000 అయితే 99.9, గట్టుమీద నిలిచినట్టు. 30,000 అయితే ఎంతో మీరే గుణించి, అనుమతి అడగాలో లేదో చెప్పండి. కాని తీసుకుపోవటం వేరు, లోపల వాడటం వేరు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌వారు 2025 ఏప్రిల్ 1 నుంచి, ఎమిరేట్స్‌వారు 2025 అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడనివ్వటం లేదు. గనక టికెట్టు కొన్న సంస్థ నియమాలు ప్రయాణానికి ముందే చదువుకోవాలి.

ఇంకొక్క సంగతి, ఇది చాలామందికి తెలియదు. ఫోను సీటు సందులో పడిపోతే సీటును వెనక్కూ ముందుకూ జరపకూడదు. సీటు ఇనుపకడ్డీల మధ్య ఫోను నలిగి అంటుకోవచ్చు. లేచి నిలబడి, పనిచేసేవాళ్లను పిలవాలి. అట్లాగే లాప్‌టాప్‌ను కంబళిలో పెట్టి వాడకూడదు, దానికి ఊపిరాడదు.

దిగిన తరవాత మాటేమిటని అడుగుతారేమో. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, 60 ఊపులు. మనది 230 వోల్టులు, 50 ఊపులు. అయినా లాప్‌టాప్‌కు ఇబ్బంది లేదు. దాని ఛార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు, 50 నుంచి 60 ఊపులు అని అచ్చువేసి ఉంటుంది. సన్నటి అక్షరాలే అయినా చదవాలి. విమానం సాకెట్టు 110 వోల్టులకు కూడా అందుకనే అది సరిపోతుంది. ప్లగ్గు కాళ్లు మాత్రం అక్కడ బల్లపరుపుగా ఉంటవి, దానికి చిన్న తొడుగు కొనుక్కోవాలి. మనవాళ్లు ప్రేమతో కట్టి ఇచ్చే మిక్సీ మీద 230 వోల్టులని ఒకటే అంకె ఉంటుంది. అది అక్కడ పెసరపప్పు కూడా రుబ్బలేదు. దాని బరువుకు రెండు కిలోల గోంగూర పచ్చడి పట్టుకుపోవచ్చు.